డాక్టర్ల ఆడియో డిక్టేషన్ టైప్ చేసే ముందు జాగ్రత్తలు

• మెడికల్ డిక్షనరీ కొత్త ఎడిషన్ దగ్గర పెట్టుకోండి. గూగుల్‌లో ఎక్కువసార్లు కనబడిన స్పెల్లింగే కరెక్ట్ అనుకోకండి, తప్పులు కూడా కాపీ అవుతూనే ఉంటాయి.

• మందుల పేర్లకు అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వారి డైలీమెడ్ వెబ్‌సైట్ చూడండి. నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. హైడ్రాలజిన్ బీపీకి, హైడ్రాక్సిజిన్ దురదకి, ఆందోళనకి. చెవికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి. డోసు, జబ్బు కూడా కుదిరాయో లేదో చూశాకే టైప్ చేయండి.

• ‘ఇలియం’ వినబడితే ఆగండి. ఇంగ్లిష్‌లో మూడో అక్షరం ‘ఈ’ అయితే చిన్నపేగు చివరి భాగం, ‘ఐ’ అయితే తుంటి ఎముక పైభాగం.

• ‘ఎంఎస్’ అంటే మార్ఫిన్ సల్ఫేటా, మెగ్నీషియం సల్ఫేటా? సొంతంగా ఊహించి పూర్తి పేరు రాయొద్దు.

• ఎక్కడా దొరక్కపోతే ఖాళీ వదిలి, ఆడియోలో ఎన్నో నిమిషమో రాసి డాక్టర్‌గారిని అడగండి.