మడుగులోకి దిగే ముందు

నాలుగు వానలు పడితే చాలు, బెజవాడ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు వీడియో పడేస్తారు. కొండ మీంచి దూకే నీళ్లు, కింద పచ్చటి మడుగు, 'ఎవరికీ తెలియని స్పాట్' అని ఒక ముక్క. ఆదివారం తెల్లారేసరికి ఆరు బళ్లు బయల్దేరతాయి. నేనూ వెళ్తుంటాను కాబట్టి మానేయమని చెప్పను.

అన్నిటికంటే ముందు ఎగువ సంగతి కనుక్కోండి. మడుగు దగ్గర ఎండ కాస్తున్నా పైన కురిస్తే వాగు పొంగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచడం చూసినవాళ్లం, ఎగువ నీళ్లు ఎలా వస్తాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కొండవాగైతే అంత టైమ్ కూడా ఇవ్వదు. ఒకసారి కొండపల్లి అడవి వైపు వాగులో మోకాళ్ల లోతున కూర్చుని ఉన్నాం. గట్టు మీద మేకలు కాసే పెద్దాయన "అబ్బాయ్, నీళ్లు రంగు మారుతున్నాయి, లేవండి" అని కేకేశాడు. చూద్దుం కదా, అడుగు కనిపించే నీళ్లలో టీ రంగు చార ఒకటి, దాని వెనకే ఎండుటాకులు, పుల్లలు. బట్టలు చేతపట్టుకుని గట్టెక్కాం. నా చెప్పు ఒకటి రాయి మీదే ఉండిపోయింది. పావుగంటకి చెప్పు కాదు, రాయే కనపడలేదు.

నీళ్లు మట్టిరంగుకు తిరిగినా, చెత్త కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా ఫొటోలు ఆపి పైకి రండి. వాగు దాటి అవతలి గట్టున మకాం పెట్టకండి. బండి ఎటు ఉంటే అటే కూర్చోండి.

మనలో చాలామందికి ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో ఈత వచ్చింది. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. జలపాతం పడేచోట నురగలో గాలి కలిసి ఉంటుంది, మనిషి సరిగా తేలడు. పడిన నీరు సుడి తిరిగి లోపలికే లాగుతుంది. అందుకని ధార కిందికి వెళ్లకండి, పైనుంచి రాళ్లూ పడతాయి. గట్టు మీంచి దూకడం అసలు వద్దు. పోయినేడు లోతున్నచోట ఈ ఏడు బండ ఉండొచ్చు. కర్రతో చూసుకుంటూ, నడుము దాటకుండా, మెల్లగా దిగాలి. పాచి పట్టిన బండ మీద హవాయి చెప్పులంత దొంగవి ఇంకోటి లేవు, పట్టున్న బూట్లు వేసుకోండి. మందు తాగినవాణ్ని గట్టు మీదే కూర్చోబెట్టండి, అలిగితే అలగనీ.

ఎత్తిపోతల జలపాతం సంగతి వేరు. మాచర్ల దగ్గర చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం కూడా ఉంది. చూసి రండి, నీళ్లలోకి మాత్రం దిగకండి.

మునిగిపోతున్నవాడు సినిమాలోలా కేకలు పెట్టడు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వస్తుంది, అంతే. మీరు దూకితే మిమ్మల్ని పట్టుకుని ఇద్దరూ పోతారు. తాడు, చున్నీ, పొడవాటి కర్ర, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది అందించండి. ఇరవై మీటర్ల తాడు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. బయటికి తీశాక పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తిప్పడం లాంటివి చేయకండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లో రెండుసార్లు గాలి ఊదండి. తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కుతూ, మళ్లీ రెండుసార్లు ఊదుతూ ఉండండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు. కాలు కదపనివ్వకుండా మోసుకుని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక వారం పది రోజుల్లో జ్వరమొచ్చి, ఒంటి మీద కాలినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే, పొదల్లో తిరిగామని డాక్టరుకు చెప్పండి. పొదల్లోని చిన్న పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు, దానికి మందుంది.

రిజర్వు ఫారెస్టు అయితే అటవీశాఖ అనుమతి తీసుకోండి, లేదంటే కేసు పెడతారు. సిగ్నల్ ఉండదు కాబట్టి ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. మా అమ్మకు నేను ఆరు గంటలని చెప్తాను, మూడింటికే బండి తీస్తాను.