పొదుపు సంఘం అప్పు ఆమె చేతిలోనే నిలవాలంటే

పొదుపు సంఘం అప్పుకు సంతకం సభ్యురాలిది, ఖర్చు ఇంకొకరిది, వాయిదా మళ్లీ ఆమెది. ఇలా నడిచే చోట సంఘం ఎన్నేళ్లున్నా ఆ ఇంటి పేదరికం కదలదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లు ఆ తర్వాత పొదుపు లక్ష్మి సంఘాలు కట్టుకున్నారు. సారాకు పోయే డబ్బును ఇంట్లో నిలపడం వాళ్ల మొదటి పని. కొత్తగా సంఘం కట్టేవాళ్లూ అక్కడే మొదలుపెట్టాలి.

ఒకే వాడలో ఉండే 10 నుంచి 15 మంది చాలు, ఇంటికి ఒక్కరే. పొదుపు మొత్తాన్ని అందరికన్నా తక్కువ కట్టగల ఆమెను చూసి నిర్ణయించండి. 12 మంది నెలకు 200 రూపాయలు వేస్తే ఆరు నెలలకు 14,400. దాన్ని ఖాతాలో ఊరికే ఉంచకుండా రెండో నెల నుంచే సభ్యులకే లోపలి అప్పులుగా తిప్పండి.

వడ్డీ నూటికి రూపాయి అనుకుందాం. 5,000 అప్పుకు నెలకు 500 అసలు చొప్పున పది నెలలు. మిగిలిన అసలు మీద లెక్కిస్తే మొదటి నెల వడ్డీ 50, చివరి నెల 5, మొత్తం 275. మొదటి అసలు మీదే పది నెలలూ వేస్తే 500 అవుతుంది. ఈ తేడా ప్రతి సభ్యురాలికీ తెలియాలి. అందుకే పాసు పుస్తకాలు సమావేశంలోనే, అందరి ముందే రాయాలి.

ఆరు నెలలు సక్రమంగా నడిస్తే బ్యాంకు అప్పు. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ అనే కేంద్ర పథకం కింద ఉన్న సంఘాలకు మొదటి ఏడాది సంఘం నిధికి ఆరు రెట్లు, లేదా కనీసం 1.5 లక్షలు, ఏది ఎక్కువైతే అది. 14,400కు ఆరు రెట్లు 86,400 మాత్రమే కాబట్టి 1.5 లక్షలే అడగండి. ఇరవై లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు.

ఎక్కువ సంఘాలు తప్పటడుగు వేసేది ఇక్కడే. గొడవెందుకని తలా 12,500 పంచేసుకుంటారు. ఆ డబ్బుకు పాడి గేదె రాదు, ఇంటి ఖర్చుల్లో కరిగిపోతుంది. ముందు సూక్ష్మ రుణ ప్రణాళిక రాయండి: ఎవరికి, దేనికి, ఎంత, ఆదాయం ఏ నెల నుంచి. ఒకరికి 40,000 రావచ్చు, ఇంకొకరికి 8,000, కొందరికి ఈ విడత ఏమీ అక్కర్లేకపోవచ్చు. తీర్మానం పుస్తకంలో అందరి సంతకాలూ ఉండాలి.

డబ్బు ఆమె సొంత ఖాతాలోనే పడాలి. ఏటీఎం కార్డు, ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు కూడా ఆమెవే. గేదె బీమా ఆమె పేరున, పాల బిల్లు ఆమె ఖాతాకు, కౌలు కాగితం ఆమె పేరున. భర్తకు ఆటో కొనడం తప్పు కాదు, రిజిస్ట్రేషన్ మాత్రం ఆమె పేరునే చేయించండి. నెల తిరగ్గానే ఇద్దరు సభ్యులు వెళ్లి కొన్నదాన్ని కళ్లారా చూడాలి.

వాయిదా తప్పితే జరిమానాకన్నా ముందు కారణం అడగండి. ఆమెను కొట్టి డబ్బు లాక్కున్నారని తేలితే ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘానికి చెప్పండి, మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయించండి. పాత వాయిదా తీర్చడానికి మైక్రోఫైనాన్సు అప్పు, అంటే చిన్న అప్పులిచ్చే ప్రైవేటు కంపెనీల అప్పు, మాత్రం చేయనివ్వకండి. అప్పు మీద అప్పు పేరుకునే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పంట పోయిన ఇంటికి అసలును తర్వాతి పంట దాకా జరిపి, అప్పటివరకు వడ్డీ ఒక్కటే కట్టించుకోండి.