బండి కింద నూనె మరక: గ్యాస్కెట్ మనమే మార్చుకోవాలా, షాపుకిచ్చేయాలా?

డాలస్ చుట్టుపక్కలకి చదువుకోడానికి వచ్చిన మనవాళ్ళు మొదటి సెమిస్టర్ అయ్యేలోపే ఏదో ఒక పాత కరోలానో సివిక్‌నో కొనేస్తారు. లక్ష మైళ్ళు దాటిన బండి. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం, ఫొటో ఇంటికి పంపిస్తాం, బానెట్ మాత్రం ఎత్తి చూడం. ఓ రోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడిన నూనె వాసన వస్తుంది. పక్కనున్నవాడు "గ్యాస్కెట్ పోయినట్టుంది మామా" అంటాడు. గుండె జారిపోతుంది. ఊళ్ళో ఆ మాట విన్నామంటే ఇంజన్ విప్పాల్సిందే కదా!

కంగారొద్దు. గ్యాస్కెట్ అంటే ఇంజన్ భాగాలు కలిసేచోట నూనె, గ్యాసు లాంటివి బయటికి పోకుండా పెట్టే సీలు, అవి చాలా ఉంటాయి. ముందు పోయింది ఏ గ్యాస్కెట్టో తేలాలి. అది తేలకుండా మనమా షాపా అని తర్జనభర్జన పడటం వృథా.

పాత బండ్లలో ఎక్కువగా పోయేది వాల్వ్ కవర్ గ్యాస్కెట్. ఇంజన్ నెత్తిమీద మూతలా ఉండేది వాల్వ్ కవర్, దాని అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఇది. ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి, తీసేటప్పుడు అప్పడంలా విరుగుతుంది. అక్కడినుంచి జారిన నూనె ఎగ్జాస్ట్ మీద పడి మాడుతుంది, అదే ఆ వాసన. స్పార్క్ ప్లగ్గుల గొట్టాల్లోకి దిగితే బండి వణుకుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. విడిభాగాలమ్మే ఆటోజోన్‌లో ఆ లైటు ఎందుకు వెలిగిందో చెప్పే కోడ్ ఉచితంగా చదివిపెడతారు.

నూనె కిందికే కారుతుంది కాబట్టి అడుగున చూసి లాభం లేదు. పేపర్ టవల్‌తో ఇంజన్ పైభాగం, పక్కలు శుభ్రంగా తుడిచి రెండు రోజులు నడపండి, తర్వాత టార్చి వేసి చూడండి. అన్నిటికంటే పైన తడిగా ఉన్న చోటే మూలం. ఒక్కోసారి ఏమీ ఉండదు, ఆయిల్ మార్చినవాడు ఒలకబోసి తుడవకుండా వదిలేసి ఉంటాడు. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకి ఏటా చేసే భద్రతా తనిఖీ తీసేశారు. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. ఈ మరకల సంగతి మీరు చూసుకోవలసిందే.

నాలుగు సిలిండర్ల బండిలో పోయింది వాల్వ్ కవర్ గ్యాస్కెట్టే అయితే, నా మాట, మీరే చేసుకోండి. గొట్టాల సీళ్ళతో కలిపి సెట్ 20 నుంచి 50 డాలర్లలో దొరుకుతుంది. ఇదే పనికి నాకు తెలిసినవాళ్ళు షాపుల్లో 200 నుంచి 350 దాకా కట్టారు. బండి కిందికి దూరే పని లేదు. టార్క్ రెంచ్ (బోల్టు ఎంత గట్టిగా బిగుస్తోందో కొలిచే రెంచ్) కొనక్కర్లేదు, విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మీ పబ్లిక్ లైబ్రరీ కార్డు మీద చిల్టన్ రిపేర్ మాన్యువల్స్ ఆన్‌లైన్‌లో వస్తాయేమో చూడండి, చాలా ఊళ్ళలో వస్తాయి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. ఏ వైరు ఎక్కడిదో విప్పేముందే ఫొటోలు తీసుకోండి. ప్లగ్ గొట్టాల్లో నూనె నిలిచి ఉంటే ముందు గుడ్డతో పీల్చేయండి, లేకపోతే ప్లగ్ తీయగానే అదంతా సిలిండర్‌లోకి పోతుంది. అంచులు అల్యూమినియం, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. టైమింగ్ కవర్ (ఇంజన్ పక్కన టైమింగ్ చెయిన్ మీదుండే మూత) హెడ్‌ను (వాల్వ్ కవర్ కూర్చునే భాగాన్ని) కలిసే మూలల్లో కొద్దిగా సీలెంట్ పెట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

బోల్టుల దగ్గర నేను దెబ్బతిన్నాను. చక్రం నట్లు 80 ఫుట్-పౌండ్ల దాకా బిగిస్తాం కదా, ఆ చేతివాటంతోనే వీటినీ బిగించా. వీటికి కావలసింది సుమారు 7 నుంచి 9 మాత్రమే. మీ బండికి సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. టప్‌మని బోల్టు తల చేతికొచ్చింది. మిగిలిన ముక్క బయటికి తీయించడానికి అయిన ఖర్చుతో మొదటే షాపుకి ఇచ్చి ఉండొచ్చు. మధ్యనుంచి అంచులకి, రెండు మూడు విడతల్లో బిగించండి.

చోటు సంగతీ ఉంది. చాలా అపార్ట్‌మెంట్ల లీజులో పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని రాసి ఉంటుంది, సంతకం పెట్టేటప్పుడు మనం చదవం. సొంతిల్లున్న అన్నయ్య ఎవరైనా ఉంటే ఆదివారం వాళ్ళ డ్రైవ్‌వే అడగండి, వదినగారి సిమెంటు మీద మరక పడకుండా కింద అట్ట పరవండి. చేయి తిరిగాక స్నేహితుల బండ్లు డబ్బు తీసుకుని బాగుచేద్దామనిపిస్తుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు ఆ జోలికి పోవద్దు, అది అనుమతిలేని ఉద్యోగం కిందికి వస్తుంది.

వీ6 ఇంజన్ (రెండు వరసల్లో ఆరు సిలిండర్లు, వరసకో వాల్వ్ కవర్) అయితే లెక్క వేరు. చాలా బండ్లలో వెనకవైపు కవర్ అందాలంటే పైనున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాల భాగం) విప్పాలి. సోమవారం పొద్దున క్లాసుకో ఉద్యోగానికో అదే బండి కావాలంటే షాపుకిచ్చేయండి.

ఇక హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్‌కీ దాని కిందుండే ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండేది. తీపి వాసనతో ఆగని తెల్లపొగ, ఎక్కడా కారకుండానే తగ్గిపోయే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), మాటిమాటికీ వేడెక్కడం దాని గుర్తులు. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనిపించినంత మాత్రాన బెంబేలెత్తకండి, చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే బండ్లలో తేమకి కూడా అలా పేరుకుంటుంది. బ్లాక్ టెస్టర్ అని ఒకటుంది. రేడియేటర్ మూతి మీద పెడితే, మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తున్నప్పుడు దాంట్లోని నీలి ద్రవం పసుపుగా మారుతుంది. మారిందా, ఇది మన పని కాదు. హెడ్ విప్పాలి, మెషిన్ షాపులో అది వంగిందో లేదో చూపించాలి, చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులు కొత్తవే వేయాలి, వాల్వులు, పిస్టన్లు కలిసి నడిచే టైమింగ్ చెడకుండా అన్నీ మళ్ళీ కూర్చోబెట్టాలి. బిల్లు మామూలుగానే 1,500 డాలర్లు దాటుతుంది. బండి విలువే 3,000 అయినప్పుడు బాగుచేయించాలా, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయాలా అని ఆలోచించండి. సీసాలో పోసే లీకు మందుల్ని నేను నమ్మను, రేడియేటర్, హీటర్ గొట్టాలు కూడా పూడుకుపోవచ్చు.

షాపుకి వెళితే ఏ గ్యాస్కెట్, ఎన్ని గంటల లేబర్, గంటకెంత అన్నది కాగితం మీద రాయించుకోండి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో రాతపూర్వక ఎస్టిమేట్ ఇవ్వాలని, మీరు ఒప్పుకోకుండా దాన్ని దాటి వసూలు చేయకూడదని చట్టమే ఉంది. అలాంటి చట్టం లేనిచోట నోరు తెరిచి అడగాల్సిందే. తీసేసిన పాత భాగాలు చూపించమనండి, అడిగితే తప్పుగా అనుకోరు. భాగం మీరే తెస్తామంటే చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకున్నా వారంటీ ఇవ్వరు. పెద్ద బిల్లు చెబితే ఇంకోచోట చూపించండి. నాకోసారి హెడ్ గ్యాస్కెట్ అని ఒకరు భయపెట్టారు, రెండోచోట చూస్తే వాల్వ్ కవర్‌దే.

మీరే చేసుకుంటే, మొదటి రోజు మళ్ళీ అదే వాసన వస్తుంది. ఎగ్జాస్ట్ మీద మిగిలిన పాత నూనె మాడటం అది. వారం తర్వాత డిప్‌స్టిక్ (నూనె మట్టం చూసే కడ్డీ) చూసి, అంచులమీద టార్చి వేయండి. పొడిగా ఉందా, సరే. తడిగా ఉంటే ఏదో ఒక మూల సీలెంట్ సరిగా పడలేదు. ఇంకో పాతిక డాలర్లు, ఇంకో ఆదివారం.