కారవాన్ కొన్నాక తిప్పలు: లోపం బండిదా, ఎంపికదా?

బ్రిటన్‌లో మనవాళ్లు కారవాన్ చూడ్డానికి వెళ్తే ముందు మంచం మీద కూర్చుని చూస్తారు, తర్వాత వంటగది, ఆ తర్వాత బాత్రూమ్. సొంత కారు బరువుల ప్లేటు మాత్రం ఎవరూ చూడరు. మొదటి ట్రిప్పు అయ్యాక ఫోన్లు మొదలవుతాయి. అలా నా చెవిన పడ్డ గోడు ఇది. కారవాన్ అంటే ఇక్కడ కారు వెనక తగిలించి లాక్కెళ్లేది. ఇంజనుతో తిరిగే మోటర్‌హోమ్ సంగతి వేరు.

సమస్య: మోటర్‌వే మీద లారీ పక్కనుంచి పోగానే వెనక బండి తోక ఊపుతోంది

అప్పటికప్పుడు చేయాల్సింది: యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకోండి. బ్రేకు గట్టిగా తొక్కొద్దు, ఊపుకి ఎదురు తిప్పొద్దు. వేగం తగ్గితే ఊపు దానంతటదే సర్దుకుంటుంది. కారవాన్ లాగుతున్నప్పుడు మోటర్‌వే మీద పరిమితి ఎలాగూ గంటకు 60 మైళ్లే.

కారణాల్లో తేలిగ్గా సరిచేయగలిగింది సామాను సర్దడం. బియ్యం బస్తా, నీళ్ల క్యాన్లు, కుక్కర్లు అన్నీ వెనక మూలన పెడితే ముందు కొక్కెం తేలిపోతుంది. ఆ కొక్కెం టోబార్ (కారు వెనక బిగించే లాగుడు కడ్డీ) మీద మోపే బరువునే నోస్‌వెయిట్ అంటారు. ఇది కారవాన్ నిండు బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలని ఒక లెక్క. 1,300 కిలోల బండికి 65 నుంచి 91 కిలోలు. మీ కారు, టోబార్ ఎంతవరకు మోస్తాయో కూడా చూసి, ఆ హద్దు దాటకండి. బరువైనవన్నీ చక్రాల ఇరుసు మీద, నేలకి ఆనించి పెట్టండి.

ఇంత సర్దినా ఊగుతుంటే అసలు తప్పు కొన్నప్పుడే జరిగిందేమో. 2021 డిసెంబర్ 16 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా లాగొచ్చు. అంటే మీకు అనుమతి ఉందని. మీ కారుకి ఉందా? కారు తలుపు దగ్గరో బానెట్ కిందో ఉండే ప్లేటు మీద మొదటి అంకె కారు నిండు బరువు, రెండోది కారు, కారవాన్ కలిపిన బరువు. 2,000, 3,500 అని ఉంటే తేడా 1,500 కిలోలు. రెండో అంకె అసలు లేకపోతే ఆ కారుతో ఏదీ లాగకూడదు. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు షోరూముకి బయల్దేరే ముందే ఇది చూసుకోవాలి.

కొత్తవాళ్లకి మరో సలహా కూడా ఉంది, చట్టం కాదు: కారవాన్ నిండు బరువు, కారు ఖాళీ బరువులో 85 శాతం మించకూడదు. 1,500 కిలోల కారుకి 1,275. సేల్స్‌మన్ 'పర్లేదండీ, లాగుతుంది' అంటాడు. లాగడానికి లాగుతుంది. ఆపడం, అదుపులో ఉంచడం కష్టం.

సమస్య: బరువు తూస్తే హద్దు దాటింది, మేం పెట్టింది నాలుగు బట్టలే

కారవాన్ ఖాళీ బరువు 1,310, నిండు బరువు 1,450 అనుకోండి. మీ సామానుకి మిగిలేది 140 కిలోలు. బండిని ఇంటి ముందు జరుపుకోడానికి బిగించే మోటర్ మూవరే 30 కిలోల పైన తింటుంది. ఆనింగ్ (బండి పక్కకి తగిలించే గుడారం), బ్యాటరీ, కుర్చీలు కూడా కలిపితే మీ బట్టలకి మిగిలేది చాలా తక్కువ. కొనేటప్పుడే ఈ తేడా ఎక్కువున్న బండి ఎంచుకోండి.

సమస్య: రాత్రి పక్కలు వేసేసరికి పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోతున్నారు

రైల్లో మిడిల్ బెర్త్ గుర్తుందా? పగలు పైకెత్తి తగిలిస్తే కింద ఎవరూ కూర్చోలేరు. 'నాలుగు బెర్తుల' కారవాన్లలో చాలావాటిదీ అదే తీరు: సోఫాలు విప్పి, దిండ్లు పేర్చితేనే మంచం. పిల్లలున్న ఇంటికి స్థిరమైన బంకులున్నది నయం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారంటే గోడకి ఆనించిన డబుల్ బెడ్ వద్దు. రాత్రి లేవాలంటే ఒకరు ఇంకొకరి మీదుగా దాటాలి. రెండు వైపులా దిగే వీలున్న ఐలాండ్ బెడ్ చూడండి. షోరూములో మీరే పక్క వేసి, అందరూ పడుకుని, బాత్రూమ్ తలుపు తీసి చూడండి. సిగ్గుపడొద్దు. ఆరు బెర్తులు కొనేవాళ్లకి ఒక మాట: కదిలే కారవాన్‌లో ఎవరూ కూర్చోకూడదు. మీ కారులో సీట్లు ఐదేగా?

సమస్య: రైస్ కుక్కర్ పెట్టగానే కరెంటు పోయింది

కారవాన్లు నిలిపే సైటులో హుక్-అప్ (బండికిచ్చే కరెంటు కనెక్షన్) చాలాచోట్ల 10 ఆంపులే, అంటే సుమారు 2,300 వాట్లు. 2,000 వాట్ల కెటిల్, 700 వాట్ల కుక్కర్ ఒకేసారి నడవవు. బండిలో తప్పేం లేదు. తక్కువ వాట్ల కెటిల్ కొనండి, లేదా అన్నం ఉడికాకే టీ.

తాలింపు ఘాటు సోఫా గుడ్డల్లోంచి పోదని ఇంకొందరి బాధ. బయట గ్యాస్ పాయింటు ఉన్న మోడల్ అడగండి, పోపు ఆనింగ్‌లోనే పెట్టుకోవచ్చు. చలికి మంట రావట్లేదంటే సిలిండర్ బ్యూటేన్ అయ్యుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కాదు. ప్రొపేన్ వాడండి.

సమస్య: చవకగా కొన్న పాత బండిలో చెమ్మ వాసన

అతుకుల దగ్గర సీలెంట్ ఎండి పగిలితే వాన నీరు గోడలోకి దిగి, లోపలి చెక్క మెత్తబడుతుంది. బయటికి మాత్రం మెరుస్తూనే ఉంటుంది. కిటికీల మూలలు, లాకర్ల లోపల బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగితే బేరమాడకుండా వెనక్కి రండి. చెమ్మ మీటరు 20 శాతం దాటి చూపినా అంతే. ఇప్పటికే కొనేసి ఉంటే, వాన ఎక్కణ్నుంచి దిగుతోందో నిపుణుడితో తేల్చి ఆ అతుకు మూయించాకే లోపలి గోడ మార్పించండి. లోపలి గోడ ముందు మార్పిస్తే డబ్బు దండగ. టైరు మీద తేదీ కూడా చూడండి: చివరి నాలుగంకెలు 2318 అంటే 2018లో 23వ వారం. అరుగుదల కనిపించకపోయినా ఏడేళ్లు దాటిన టైరు మార్చాల్సిందే.

సమస్య: తెచ్చాం, ఇంటి ముందు పెట్టనివ్వట్లేదు

కొత్త ఎస్టేట్లలో చాలా ఇళ్ల పత్రాల్లోనే కారవాన్ పెట్టకూడదని రాసి ఉంటుంది. మీ లాయరు ఇచ్చిన ఆ ఫైలు ఒకసారి తీయండి. కుదరదంటే స్టోరేజీకి నెలనెలా అద్దె, దాన్నీ బడ్జెట్‌లో కలుపుకోండి. పెట్టుకోవచ్చంటే టేపు పట్టుకుని డ్రైవ్‌వే కొలవండి. బ్రోషర్‌లో లోపలి పొడవు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. మీకు కావాల్సింది ముందు కొక్కెంతో కలిపిన మొత్తం పొడవు.