చిన్న టెలిస్కోపుతో చంద్రగ్రహణం ఫొటోలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పౌర్ణమి చంద్రుడంటే నేరుగా ఎండ పడుతున్న రాతి నేల. కెమెరా లెక్కలో అది పగటి దృశ్యమే. సంపూర్ణ గ్రహణం పట్టాక ఆ వెలుగు పదివేలో వంతుకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు పడిపోతుంది. ఈ మార్పంతా దాదాపు గంటలో జరిగిపోతుంది. పట్టు మొదలైనప్పుడు చక్కగా కుదిరిన అమరిక మధ్యకాలానికి పనికిరాదు. కింద చెప్పబోయే తిప్పలు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. 114 మి.మీ. అద్దం, 900 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి చిత్రం ఏర్పడే చోటికి దూరం) ఉన్న న్యూటన్ తరహా, అంటే అద్దంతో వెలుగును కూడగట్టే టెలిస్కోపును దృష్టిలో పెట్టుకుని అంకెలు ఇస్తున్నాను.

చంద్రుడు తెల్లటి బిళ్లలా వస్తున్నాడు

కారణం: ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) దగ్గర పెట్టిన ఫోను, చంద్రుడి చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి, దృశ్యం చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) పెంచేస్తుంది.

పరిష్కారం: తెర మీద చంద్రుడిని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తరువాత బిలాలు కనిపించేదాకా వెలుతురు తగ్గించండి. నైట్ మోడ్ తప్పనిసరిగా ఆపేయండి. కెమెరా నేరుగా తగిలించినవారు మాన్యువల్‌లో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, షట్టర్ సెకనులో 200వ వంతుతో మొదలుపెట్టవచ్చు.

చుట్టూ నల్లటి వలయం, లేదా సగం చంద్రుడే కనిపించడం

ఐపీస్ నుంచి వచ్చే వెలుగు ఫోను లెన్సు మధ్యలో పడటం లేదు. ఫోను హోల్డర్‌ను ఇంట్లోనే, పగలే, దూరంగా ఉన్న ఏదైనా వస్తువును చూస్తూ బిగించి ఉంచుకోండి. 10 మి.మీ. ఐపీస్ వద్దు. 25 మి.మీ. అయితే 36 రెట్లు పెద్దదవుతుంది, చంద్రుడు మొత్తం పడతాడు, ఫోనును సరైన చోట పెట్టడం కూడా సులభం. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు జూమ్ చేయగానే తమంతట తామే లెన్సు మార్చుకుంటాయి. అప్పుడు బొమ్మ ఒక్కసారిగా మాయమవుతుంది. ప్రధాన కెమెరాను ఎంచుకుని జూమ్ జోలికి వెళ్లకండి.

డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చగల కెమెరా) తగిలిస్తే ఫోకస్ కుదరడం లేదు

ఇది మీ పొరపాటు కాదు. చిన్న న్యూటన్ టెలిస్కోపుల్లో చాలావాటిని కంటితో చూడటానికే తయారు చేస్తారు. కెమెరాలో సెన్సర్ లోపలికి ఉంటుంది కాబట్టి, ఫోకసర్‌ను (ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే భాగాన్ని) పూర్తిగా లోపలికి తిప్పినా చిత్రం ఏర్పడే చోటు సెన్సర్‌కు ముందే ఆగిపోతుంది.

అందరూ చెప్పే మందు, చిత్రాన్ని రెండు రెట్లు పెద్దది చేసే బార్లో లెన్సు. ఫోకస్ కుదురుతుంది, కానీ కొత్త చిక్కు వస్తుంది. మామూలుగా ఈ టెలిస్కోపు సెన్సర్ మీద 8 మి.మీ. చంద్రుడిని వేస్తుంది. బార్లోతో అది 16 మి.మీ. దాటుతుంది. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఎత్తు 15 మి.మీ. మాత్రమే. పైగా వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది, సంపూర్ణ దశలో అది పెద్ద నష్టం. బార్లో కింది భాగంలోని లెన్సు మర విప్పదగినదైతే, దాన్ని మాత్రమే తీసి కెమెరా అడాప్టర్ ముక్కుకు బిగించండి. సెన్సర్‌కు దగ్గరవుతుంది కనుక పెద్దది చేయడం తగ్గుతుంది, చంద్రుడు ఫ్రేములో ఇముడుతాడు. ప్రధాన అద్దాన్ని ముందుకు జరిపేవారూ ఉన్నారు. గ్రహణానికి వారం ముందు ఆ పని చేయమని మాత్రం నేను చెప్పను. అంతకన్నా ఐపీస్ దగ్గర ఫోను పెట్టడమే మేలు.

సంపూర్ణ దశలో తెర మీద ఏమీ లేదు

ముందు టెలిస్కోపు మూత చూడండి. చాలా మూతల్లో మధ్యన చిన్న రంధ్రం, దానికో బుల్లి మూత ఉంటాయి. నిండు చంద్రుడి వెలుగు తట్టుకోలేక ఆ బుల్లి మూత మాత్రమే తీసి చూసే అలవాటు చాలామందికి ఉంది. 45 మి.మీ. రంధ్రమైతే వెలుగులో ఆరో వంతే లోపలికి వెళ్తుంది. పట్టు ముదిరాక పెద్ద మూత తీయడం ఎవరికీ గుర్తుండదు. రెండోది, ఐపీస్ కింద బిగించిన మూన్ ఫిల్టర్, అంటే చంద్రుడి వెలుగు తగ్గించే గాజు. చంద్రగ్రహణానికి ఏ ఫిల్టరూ అవసరం లేదు, అది ముందే తీసేయండి.

ఈ రెండూ సరిగా ఉంటే ఇక ఎక్స్‌పోజర్ పెంచాలి: స్టాండుకు మోటారు ఉంటే ఐఎస్ఓ 800 దగ్గర రెండు నుంచి నాలుగు సెకన్లు (మోటారు లేనివారికి కింద చెప్పాను). ఫోనులో ఈ అంకెలను మనమే పెట్టుకునే ప్రో మోడ్ కావాలి. చీకట్లో ఆటోఫోకస్ వెతుకులాటలో పడుతుంది. అందుకే పాక్షిక దశలో, బిలాల అంచులు స్పష్టంగా ఉన్నప్పుడే ఫోకస్ సరిచేసి అలాగే వదిలేయండి.

అన్నీ సరిగా ఉన్నా చీకటిగానే ఉంటే తప్పు ఆకాశానిది కావచ్చు. గ్రహణ చంద్రుడి వెలుగును 0 (బాగా చీకటి) నుంచి 4 (బాగా వెలుగు) వరకు డాంజన్ కొలమానంతో చెబుతారు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం బద్దలై, దాని నుంచి వెలువడిన కణాలు వాతావరణంలో నిండిన తరువాత, 1992 డిసెంబర్ గ్రహణంలో చంద్రుడు దాదాపు కనిపించనంతగా నల్లబడ్డాడు. అలాంటి రాత్రి ఎక్స్‌పోజర్ ఇంకా పెంచడం తప్ప మార్గం లేదు.

చంద్రుడు సాగినట్టు, మసకగా వస్తున్నాడు

భూమి తిరగడం వల్ల ఈ టెలిస్కోపులో చిత్రం సెకనుకు దాదాపు 15 పిక్సెళ్లు జరుగుతుంది. మోటారు లేకపోతే సెకనులో నాలుగో వంతు దాటకండి. ఐఎస్ఓ 6400 దాకా పెంచి, ఇరవై ముప్పై ఫొటోలు వరుసగా తీసి, ఆటోస్టాకర్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపితే ఫొటోలోని గింజలు (ఎక్కువ ఐఎస్ఓ వల్ల వచ్చే చుక్కలు) తగ్గుతాయి. షట్టర్‌ను వేలితో నొక్కకుండా టైమరు వాడండి.

మోటారు ఉన్న ఈక్వటోరియల్ స్టాండు (భూమి తిరగడానికి తగ్గట్టు టెలిస్కోపును తిప్పేది) అయితే దాని అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలి. మన దగ్గర ఇది కష్టమే. తిరుపతిలో ఆ నక్షత్రం సుమారు 13.6 డిగ్రీల ఎత్తులో, హైదరాబాద్‌లో 17.4 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఏ అపార్ట్‌మెంటో అడ్డొస్తుంది. అప్పుడు స్టాండు మీది అక్షాంశం స్కేలును మీ ఊరి అంకెకు తిప్పి, దిక్సూచితో ఉత్తరానికి పెట్టండి. మన ప్రాంతంలో దిక్సూచి ఉత్తరం నిజమైన ఉత్తరానికి చాలా దగ్గరగా ఉంటుంది. నాలుగు సెకన్ల ఫొటోలకు ఆ మాత్రం చాలు.

కంటికి ఎర్రగా, ఫొటోలో బూడిద రంగుగా

ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే అమరిక) ఎరుపును లోపంగా భావించి సరిచేస్తుంది. డేలైట్‌కు మార్చి, వీలుంటే రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని ఫైలుగా) తీయండి. ఆ ఎరుపు భూమి వాతావరణం గుండా వంగి వచ్చిన వెలుగు. నీడ అంచున సన్నటి నీలి ఛాయ కూడా ఉంటుంది, దానికి ఓజోన్ పొర కారణం. సంపూర్ణ దశకు కాస్త ముందు, కాస్త తరువాత దాని కోసం ప్రత్యేకంగా ప్రయత్నించండి. అంత అందమైన రంగును ఆటోకు బలి ఇవ్వకండి.

ఫోకస్ సరిగానే ఉంది, అయినా పొగమంచులో ఉన్నట్టుంది

ఐపీస్ మీదో, లెన్సు మీదో మంచు పడి ఉంటుంది. గుడ్డతో తుడవకండి. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, దూరం నుంచి పట్టండి. చిత్రం నీళ్లలో కదిలినట్టు అల్లాడుతుంటే అది వేడి గాలి పని: డాబా స్లాబు పగటి వేడిని రాత్రి వదులుతుంది. మట్టి నేల దొరికితే అక్కడ పెట్టండి. ఎక్కడైనా టెలిస్కోపును అరగంట ముందే బయట ఉంచాలి.

గొట్టం పైకి తిరగడం లేదు, స్టాండు కాలుకు తగులుతోంది

2028 డిసెంబర్ 31 రాత్రి వచ్చే సంపూర్ణ గ్రహణంలో ఇది చాలామందికి ఎదురవుతుంది. మధ్యకాలం రాత్రి 10 గంటల 20 నిమిషాల ప్రాంతంలో. అప్పటికే చంద్రుడు బాగా ఎత్తులో ఉంటాడు, విడుపు వేళకు దాదాపు నడినెత్తికి చేరతాడు. గొట్టం కాళ్ల మధ్య ఖాళీలోకి దిగేలా స్టాండును ముందే తిప్పి పెట్టుకోండి. చలికాలపు పౌర్ణములన్నింటిలోనూ చంద్రుడు ఇంచుమించు ఇదే దారిన వెళ్తాడు కాబట్టి, అంతకుముందు డిసెంబరులోనో జనవరిలోనో ఒక పౌర్ణమి రాత్రి ఇదంతా సరిచూసుకోవచ్చు.