పసిపిల్లల టీచరుకు శిక్షణ తరగతిలోనే

పేదల బస్తీలోని పసిపిల్లల కేంద్రానికి టీచరును ఎంచుకునేటప్పుడు డిగ్రీ కంటే ముందు చూడాల్సినవి రెండు: పిల్లలతో నేల మీద కూర్చుని కబుర్లాడగలదా, ఆ ఇళ్లల్లో మాట్లాడే భాష వచ్చా. మిగతాది నేర్పొచ్చు. అయితే ఐదు రోజులు కూర్చోబెట్టి ఉపన్యాసాలిచ్చి పంపిస్తే తరగతిలో పెద్దగా ఏమీ మారదు. అక్కడికే వెళ్లి, ఒకసారికి ఒక్క పని నేర్పాలి.

కథ చదివి వినిపించడంతో మొదలుపెట్టండి. 3-5 ఏళ్ల పిల్లలు ఆరేడుగురు, ఒక బొమ్మల పుస్తకం, పది నిమిషాలు. మిగతా పిల్లలను ఆయమ్మ ఆటల్లో పెట్టాలి. ఆ ఏర్పాటు లేకపోతే మొదటి రోజే పని చెడుతుంది. వారమంతా అదే పుస్తకం. తొలిరోజు ఆపకుండా చదవాలి, రెండో రోజు నుంచి మూడు చోట్ల ఆగి ప్రశ్న వేయాలి. ప్రశ్నలు ముందే చీటీల మీద రాసి ఆ పేజీల్లో అంటించుకోవాలి. అప్పటికప్పుడు తోచేవి “ఇదేంటి, ఏ రంగు” లాంటివే, పిల్లలు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. “కుక్కపిల్ల ఎందుకు దాక్కుంది?” అంటే ఆలోచించి చెప్పాలి.

అడిగాక కనీసం మూడు సెకన్లు ఆగాలి. వినడానికి తేలికే. కానీ అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో పాఠశాలలను పరిశీలిస్తే టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకనే అని తేలింది. మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోమనండి. పిల్లవాడు “భయం” అంటే, “అవును, పెద్ద చప్పుడు విని భయపడి దాక్కుంది” అని టీచరు ఆ మాటను పెంచి చెప్పాలి. దిద్దినట్టు ఉండకూడదు.

శిక్షకురాలు మొదట తాను చేసి చూపించి, తర్వాత ఒక మూల కూర్చోవాలి. ఇరవై నిమిషాలు, నోటుబుక్కులో రెండు వరసలు: టీచరు అన్నది, పిల్లలు అన్నది. ఉన్నది ఉన్నట్టే రాయాలి, మార్కులు వద్దు. పిల్లలు వెళ్లాక, ఆ రోజే, ఆ పేజీని టీచరు చేతికివ్వండి. ఎవరు నోరే విప్పలేదో ఆమే గుర్తిస్తుంది. వచ్చే వారానికి ఒక్క మార్పు చాలు. ఐదు సలహాలిస్తే ఒక్కటీ నిలవదు.

ఆ నోటుబుక్కుతో జీతం, ఉద్యోగం తేల్చారంటే టీచరు నటించడం మొదలుపెడుతుంది. తనిఖీకి వేరే మనిషిని పెట్టుకోండి. అల్లరి ఎక్కువైందని శిక్షకురాలు మధ్యలో అందుకున్నా చేటే, పిల్లల ముందు టీచరు మాటకు విలువ పోతుంది.

శిక్షణ గంటలకు డబ్బు కట్టివ్వాలి, ఆ వేళలో ఆమె సొంత పిల్లలను చూసుకునేవాళ్లూ ఉండాలి. లేదంటే రోజు కూలి వదులుకోలేనివాళ్లు మధ్యలోనే మానేస్తారు.