ఊరి విద్యుత్ ప్రణాళికను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెట్టాలి

దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. సాగర్, జూరాల, శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రాలు కూడా మన దక్షిణ తెలంగాణ పరిసరాల్లోనే ఉన్నాయి. అయినా యాసంగి వరి పొట్టకొచ్చే వేళ పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం, రైతులు తలా కొంత వేసుకొని దానిని ట్రాక్టర్‌లో మరమ్మతుకు తీసుకుపోవడం, అది తిరిగి వచ్చేలోపు మడి నెర్రెలు బారడం చాలాసార్లు చూశాను. పొయ్యి, ఆటో, మోటారు అన్నీ కరెంటుకే మారుతున్న ఈ కాలంలో ప్రణాళిక వేసుకోదలచిన గ్రామ పంచాయతీ సోలార్ పలకల ధర విచారించడానికి ముందే తీగల సత్తువ తెలుసుకోవాలి.

మొదట ఊరిలోని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీని, దాని కింద ఉన్న కనెక్షన్లను రిజిస్టరులో రాయించండి. తరువాత మార్చి నెలలో, బోర్లన్నీ నడుస్తున్న సమయంలో, లైన్‌మన్ చేత టాంగ్ టెస్టర్‌తో (తీగను తెంపకుండా దాని చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) మూడు ఫేజుల ఆంపియర్లు కొలిపించండి. 25 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీని చెప్పే కొలమానం) ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు మోయగలదు. 5 హెచ్‌పీ మోటారు ఒక్కొక్కటి దాదాపు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక నాలుగు మోటార్లతోనే అది నిండుతుంది, ఐదవది భారమే. పైగా మోటారు మొదలయ్యే క్షణంలో ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. మోటారును దానంతట అదే నడిపించే ఆటో స్టార్టర్లు ఉంటే, పోయిన కరెంటు తిరిగి రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. 2018 జనవరి 1న 24 గంటల ఉచిత వ్యవసాయ సరఫరా మొదలైన సందర్భంలో ఆటో స్టార్టర్లు తీసివేయాలని రైతులను కోరింది కూడా అందుకే. ఆటో స్టార్టర్ తొలగించడం, లైను నుంచి లాగే కరెంటు తగ్గేలా మోటారుకు కెపాసిటర్ బిగించడం, ఎర్తింగ్ గుంతలో నీరు పోయడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. వీటిని పూర్తి చేయకుండా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగడం సరికాదు.

రెండవ దశలో ఏ పని ఏ వేళకు జరుగుతున్నదో గంటల వారీగా రాయండి. ఒక ఇండక్షన్ పొయ్యి 2 కిలోవాట్ల వరకు తీసుకుంటుంది. సాయంత్రం ఏడింటికి ముప్పై ఇళ్లలో ఒకేసారి పూర్తి వేడి మీద పెడితే 60 కిలోవాట్లు, అంటే ఒక 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు నిండినట్లే. ఆ వేళకు సూర్యుడు ఉండడు. వంటను మధ్యాహ్నానికి జరపలేము కానీ, మంచినీళ్ల ట్యాంకు నింపడం, పిండి గిర్నీ, ఎలక్ట్రిక్ ఆటోల చార్జింగ్, బత్తాయి తోటల డ్రిప్ పగటికి జరపగలం. మధ్యాహ్నం నింపిన ఓవర్‌హెడ్ ట్యాంకు, ఏ బ్యాటరీ కొనకుండానే ఎండను దాచుకున్నట్లు పనిచేస్తుంది. బోర్లు కూడా పగలే నడిస్తే రైతు అర్ధరాత్రి పాముల భయంతో గట్ల మీద నడవవలసిన పని తప్పుతుంది; నా దృష్టిలో ప్రణాళిక మొత్తంలో దీనికంటే విలువైన ఫలితం లేదు.

ఆ తరువాతనే ఉత్పత్తి లెక్కకు రావాలి. ఒక కిలోవాట్ సోలార్‌కు నీడ పడని సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. అది రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. ఇంటి కప్పుకు కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 1 కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు పైబడితే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. బీడు భూమి ఉన్న రైతులు, పథకం అమల్లో ఉంటే, రైతుల సోలార్‌కు ఉద్దేశించిన కేంద్ర పథకం పీఎం కుసుమ్ మొదటి విభాగం కింద, సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు, 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంటుకు ప్రయత్నించవచ్చు. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది. ఒకే లైను చివర చాలా కప్పులకు సోలార్ పెట్టి, పగటి వాడకం పెంచకపోతే వోల్టేజీ పెరిగి, సోలార్ కరెంటును లైనుకు అందించే ఇన్వర్టర్లు ఆగిపోతాయి. అందుకే రెండవ దశ ముగియకుండా మూడవదానికి పోకూడదు.

కొలతల రిజిస్టరును గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానం ప్రతితో పాటు విద్యుత్ సంస్థ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) ఇచ్చి రసీదు తీసుకోండి. వచ్చే మార్చిలో అవే ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర, అదే వేళకు, మళ్లీ కొలిపించండి.